బోర్డు మీద 60, మీటర్‌లో 60: మరి టికెట్ ఎందుకు పడింది?

ప్రశ్న: అయ్యా, మేం మిషిగన్‌లోని నోవైలో ఉంటాం. పోయిన వేసవిలో కెనడాలో ఉన్న మా అక్కావాళ్లింటికి వెళ్తూ డెట్రాయిట్ దగ్గర వంతెన దాటాం. అవతల విండ్సర్‌లో దిగిన కాసేపటికే మావారికి స్పీడ్ టికెట్ పడింది. బోర్డు మీద 60 ఉంది, మావారు సరిగ్గా 60లో వెళ్తున్నారు. "నేను లిమిట్‌లోనే ఉన్నాను కదా" అని పోలీసాయనతో అన్నారు కూడా. ఆయన "ఇక్కడ కిలోమీటర్లు" అన్నాక గానీ మాకు వెలగలేదు. మావారు ఇంజనీరు, లెక్కల్లో దిట్ట. ఇప్పటికీ ఆ మాటెత్తితే మొహం చిన్నబుచ్చుకుంటారు. వచ్చే నెల బ్రాంప్టన్‌లో అక్కావాళ్ల గృహప్రవేశం. మావారికి సెలవు దొరకలేదు. ఒంగోలు నుంచి వచ్చిన నాన్ననీ, మా ఏడేళ్ల పాపనీ తీసుకుని నేనే నడపాలి. నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. నేను మాత్రం అమెరికా వచ్చాకే స్టీరింగ్ పట్టాను, మైళ్లు తప్ప తెలీదు. ఒకరు మైలుకు 1.6 కిలోమీటర్లని లెక్క వేసుకోమంటారు. ఒకరు ముందు బండి ఎంతలో పోతే అంతలో పొమ్మంటారు. ఇంకొకరు అక్కడి టికెట్లు ఇక్కడికి రావు, భయపడకు అంటారు. ఏది నమ్మాలి?
— ఒక చెల్లెలు, నోవై

సమాధానం:

అమ్మా,

ముందు మీవారి మనసులో ముల్లు తీసేద్దాం. ఆయనకు లెక్క రాక టికెట్ పడలేదు. లెక్క వేయాలన్న అనుమానమే ఆయనకు రాలేదు. అదే ఏ హైవే మీదో 100 అన్న బోర్డు కనబడి ఉంటే వెంటనే ఉలిక్కిపడేవారు. మిషిగన్‌లో 100 అన్న స్పీడ్ బోర్డు ఎక్కడా ఉండదు. కొత్త అంకె గనక కన్ను దాని మీద ఆగుతుంది, "ఓహో, దేశం మారింది కదా" అని గుర్తొస్తుంది. 60 అలాంటిది కాదు. 40, 50, 60 మనం ఇక్కడ రోజూ చూసేవే. కళ్లు వాటిని చదివేస్తాయి, కాలు దానంతటదే యాక్సిలరేటర్‌ను సర్దేస్తుంది, బుర్ర దాకా ఆ విషయం వెళ్లదు. సరిహద్దు దాటినవాళ్లను దెబ్బతీసేది పెద్ద అంకెలు కాదమ్మా, ఈ చిన్న అంకెలే. మీకు సలహా ఇచ్చినవాళ్లందరూ హైవే గురించే ఆలోచించి ఉంటారు. నాకు భయం ఊళ్ల గురించి.

ఆ రోజు ఏం జరిగిందో అంకెల్లో చూడండి. గంటకు 60 మైళ్లంటే 97 కిలోమీటర్లు. 60 లిమిట్ ఉన్న చోట 37 కిలోమీటర్లు ఎక్కువ. మీరు దాటిన అంబాసడర్ వంతెన దిగగానే వచ్చేది హ్యూరాన్ చర్చ్ రోడ్డు. అది హైవేలా వెడల్పుగానే ఉంటుంది, పెద్ద పెద్ద ట్రక్కులు పోతుంటాయి. కానీ సిగ్నళ్లు, దుకాణాలు ఉన్న ఊరి రోడ్డు. పక్కనే యూనివర్సిటీ, పిల్లలు రోడ్డు దాటుతుంటారు. అలాంటి చోట 97. విండ్సర్, బ్రాంప్టన్ ఉన్న ఒంటారియో రాష్ట్రంలో 2021 నుంచి ఒక నియమం ఉంది: 80 కంటే తక్కువ లిమిట్ ఉన్న రోడ్డు మీద 40 కిలోమీటర్లు మించి వెళ్తే దాన్ని మామూలు ఓవర్‌స్పీడ్ అనరు, స్టంట్ డ్రైవింగ్ అంటారు. రోడ్డు పక్కన నిలబెట్టి అక్కడికక్కడే లైసెన్స్ 30 రోజులు ఆపేస్తారు, బండిని 14 రోజులు జప్తు చేస్తారు. కోర్టులో నేరం రుజువైతే జరిమానా 2000 డాలర్ల నుంచి 10,000 దాకా. మీవారు ఇంకో రెండు మూడు మైళ్లు ఎక్కువ వెళ్లి ఉంటే, ఆ వేసవి మధ్యాహ్నం మీరు ముగ్గురూ పెట్టెలతో సహా ఫుట్‌పాత్ మీద నిలబడేవారు. టికెట్‌తో పోయిందని ఊపిరి పీల్చుకోండి.

ఆయన్ని ఇంకొంచెం ఊరడించడానికి ఒక సంగతి చెప్పండి. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 విమానం ఒకటి 41,000 అడుగుల ఎత్తులో ఉండగా ఇంధనం అయిపోయింది. కెనడా అప్పుడప్పుడే పౌండ్లు, మైళ్లు వదిలి కిలోలు, కిలోమీటర్ల మెట్రిక్ కొలతలకు మారుతోంది. ఎన్ని కిలోల ఇంధనం కావాలో అన్ని పౌండ్లు మాత్రమే ఎక్కించి, సరిపోయిందనుకున్నారు. పైలట్లు ఇంజన్లు ఆగిన విమానాన్ని గాలిలో జారుతూ తీసుకొచ్చి గిమ్లీ అనే ఊళ్లో మూతబడ్డ వైమానిక స్థావరంలో దించారు. అందరూ బతికారు. రోజూ ఆ లెక్కలతోనే బతికేవాళ్లు, ఒకరికి ఇద్దరు సరిచూసి కూడా అంకెను చూశారే తప్ప దాని వెనకున్న కొలతను చూడలేదు. మీవారికి వచ్చింది అదే జబ్బు.

కెనడా రోడ్ల మీద మైళ్లు పోయి కిలోమీటర్లు వచ్చింది 1977 సెప్టెంబరులో. అమెరికా అంతకు రెండేళ్ల ముందే మెట్రిక్ చట్టం చేసుకుంది గానీ ఎవరినీ బలవంతపెట్టలేదు, రోడ్లు మైళ్లలోనే ఉండిపోయాయి. అరిజోనాలో నొగాలెస్ నుంచి టూసాన్ వెళ్లే ఐ-19 హైవే మీద మాత్రం ఆనాటి ఆనవాలు మిగిలింది: అక్కడ దూరాలు కిలోమీటర్లలో రాసి ఉంటాయి, స్పీడ్ లిమిట్లు మైళ్లలో. మన దేశం సంగతి సరేసరి. మైలురాయి అనే మాట అలాగే ఉంది, దాని మీద రాసేది కిలోమీటర్లు. బండి "మైలేజీ" ఎంత అని అడిగితే లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అంటాం. మనవాళ్లకు ఈ గజిబిజి కొత్తేమీ కాదు.

ఇక మీ ప్రయాణానికి వద్దాం.

బండి నడుపుతూ లెక్కలు వేయకండి. 1.6తో గుణించడం ఇంట్లో కూర్చుని చేసే పని. పక్కన ట్రక్కు, వెనక సీట్లో పాప "ఇంకెంత దూరం" అని అడుగుతుండగా చేసేది కాదు. పైగా మీకు కావలసింది గుణకారం కాదు, భాగహారం. బోర్డు మీది కిలోమీటర్లను మీ మైళ్లలోకి తేవాలి మరి. ఆ పని బండికే అప్పజెప్పండి. డిజిటల్ డ్యాష్‌బోర్డు ఉన్న బండి అయితే సెట్టింగుల్లో యూనిట్స్ అని ఉంటుంది, అందులో మైళ్ల బదులు కిలోమీటర్లు పెట్టండి. చాలా బండ్లలో క్రూయిజ్ కంట్రోల్‌కు (బండి దానంతటదే ఒకే వేగంలో పోయే ఏర్పాటుకు) పెట్టుకునే అంకె కూడా దాంతోపాటే మారుతుంది. ఇది వంతెన మీద క్యూలో చేయొద్దు. బయల్దేరే ముందురోజు సాయంత్రం ఇంటి ముందు ఆ సెట్టింగు ఎక్కడుందో వెతికి, ఒకసారి మార్చి, మళ్లీ వెనక్కి తెచ్చి చూసుకోండి. ప్రయాణం రోజున సరిహద్దుకు ముందు చివరిసారి ఆగే గ్యాస్ స్టేషన్‌లో, బండి ఆపి ఉండగా మార్చండి. మార్చాక అంకెలు కొత్తగా కనిపిస్తాయి, అదే మనకు కావలసింది. కన్ను ఆగాలి.

ముల్లు తిరిగే పాత మీటరు అయితే పెద్ద మైళ్ల అంకెల కింద చిన్నగా కిలోమీటర్ల వరస ఉంటుంది. పగలు సరే, చీకటి పడితే అది చదవడం కష్టం. అప్పుడొక చిన్న కాగితం మీద ఇవి లావుగా రాసి మీటరు పక్కన అంటించుకోండి: 40కి 25, 50కి 31, 60కి 37, 80కి 50, 100కి 62, 110కి 68. కాగితంలో లేని అంకె వస్తే, దానిలో సగం తీసుకుని, మొదటి అంకెలో పదోవంతు కలపండి. 70 అయితే 35, దానికి 7, మొత్తం 42. అసలు జవాబు 43. ఈ పద్ధతిలో ఎప్పుడూ ఒకటి రెండు మైళ్లు తక్కువే వస్తుంది గనక మీరు లిమిట్ లోపలే ఉంటారు. 5 మైళ్లు 8 కిలోమీటర్లకు సమానమని గుర్తుంచుకున్నా చాలు, తతిమ్మావి దాన్నుంచే తీయొచ్చు.

ఫోన్‌లో మ్యాప్ పెట్టుకునేటట్టయితే దూరాల కొలతను ఆటోమేటిక్‌లో ఉంచండి. ఎప్పుడో మీరే మైళ్లని ఎంచుకుని ఉంటే అది అవతల కూడా మైళ్లే చెబుతుంది, బోర్డులు కిలోమీటర్లు చెబుతాయి. చెవికి ఒకటి, కంటికి ఒకటి. అంతకంటే చికాకు లేదు.

దారి విషయంలో నా మాట వినండి: ఈసారి విండ్సర్ వైపు వద్దు. నోవై నుంచి పోర్ట్ హ్యూరాన్ వెళ్లి బ్లూ వాటర్ వంతెన దాటండి. అవతల సార్నియాలో తనిఖీ అయ్యాక ఊళ్లో తిరగకుండా 402 హైవే ఎక్కేస్తారు. సార్నియా నుంచి లండన్ (ఇంగ్లండుది కాదు, ఒంటారియోలోని ఊరు) దాకా ఆ 402 మీద లిమిట్ 110, అంటే 68 మైళ్లు. ఐ-94 మీద మీకు అలవాటైన 70కి దాదాపు అంతే. కొత్త కొలతకు అలవాటు పడటానికి గంటసేపు నేరుగా పోయే రోడ్డు దొరుకుతుంది. వెళ్లీ వెళ్లగానే సిగ్నళ్ల రోడ్డు మీద పరీక్ష ఉండదు. లండన్ దగ్గర 401లో కలుస్తారు, అక్కడి నుంచి చాలా చోట్ల 100, అంటే 62 మైళ్లే. ట్రాఫిక్ పెరుగుతుంది, లిమిట్ తగ్గుతుంది. ఆ తేడా కాలికి తెలియడానికి కొంత టైమ్ పడుతుంది, అందుకే ముందుగా చెబుతున్నాను.

ముందు బండి ఎంతలో పోతే అంతలో పొమ్మన్నవారు చెప్పింది పూర్తిగా తప్పు కాదు, ఏ బండి వెనక అన్నదే ముఖ్యం. 401 మీద కార్లు కొన్ని 120లో కూడా పోతుంటాయి. వాటి వెనక పడకండి. ట్రక్కులను చూడండి. ఒంటారియోలో 2009 నుంచి పెద్ద ట్రక్కులకు 105 కిలోమీటర్లు దాటకుండా ఇంజన్‌లోనే కట్టడి పెట్టాలని చట్టం. స్పీడ్ లాక్ అంటే మీ నాన్నగారికి వెంటనే అర్థమవుతుంది. కుడివైపు లేన్‌లో ట్రక్కుకు చాలినంత దూరం వదిలి పోతుంటే మీటరు చూడకపోయినా మీరు ఎంతలో ఉన్నారో తెలిసిపోతుంది. ఎవరో వెనక నుంచి లైట్లు కొట్టారని తొందరపడొద్దు. వాళ్లకు దాటుకుపోవడానికి ఇంకా రెండు లేన్లు ఉంటాయి.

హైవే మీద నాకు అసలు దిగులు పుట్టించేది ఎగ్జిట్ ర్యాంపులు, అంటే హైవే దిగే దారులు. గుండ్రంగా తిరిగే ర్యాంపు మొదట్లో పసుపు బోర్డు ఉంటుంది, 40 అని. అది జరిమానా కోసం పెట్టిన అంకె కాదు, బండి పట్టు తప్పకుండా తిరగడానికి చెప్పిన అంకె. 40 కిలోమీటర్లంటే 25 మైళ్లు. అలవాటు కొద్దీ 40 మైళ్లతో తిరిగితే వేగం పెరిగేది ఒకటికి 1.6 రెట్లే, కానీ బండిని మలుపు బయటికి లాగే బలం దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది. బ్రేకు వేశాక ఆగే దూరమూ అంతే. సామాన్లతో నిండిన ఎత్తైన బండిలో, వాన పడుతుంటే, ఆ రెండున్నర రెట్లు చాలా ఎక్కువ. ఎగ్జిట్ బోర్డు మీద 2 అని చూసి ఇంకా రెండు మైళ్లుంది కదా అని ఎడమ లేన్‌లో ఉండిపోవద్దు. అది రెండు కిలోమీటర్లు, మైలుంబావు. వంద వేగంలో నిమిషం పైచిలుకు. ఎగ్జిట్ తప్పితే తప్పనివ్వండి, తర్వాతి దాంట్లో దిగి వెనక్కి రావచ్చు. చివరి క్షణంలో లేన్లు కోయొద్దు.

బ్రాంప్టన్‌లోకి దిగాక మళ్లీ ఆ చిన్న అంకెల రాజ్యం. ఒంటారియో ఊళ్లలో బోర్డు లేకపోతే 50 అనుకోవాలి, ఊరి బయట 80. ఇళ్ల మధ్య, బడుల దగ్గర 40, కొన్నిచోట్ల 30 కూడా ఉంటుంది. బోర్డు మీద మన దగ్గరలా స్పీడ్ లిమిట్ అని ఉండదు, మ్యాగ్జిమమ్ అని ఉంటుంది. ఆ మాట కనబడితే కిలోమీటర్లని గుర్తు పెట్టుకోండి. 402, 401 మీద కలిపి దాదాపు మూడు గంటలు నడిపి అలసిపోయి, అక్కావాళ్ల వీధి వచ్చేసిందన్న సంతోషంలో ఉంటారు. పోలీసు కాదు నా భయం, బంతి వెనక పరుగెత్తుకొచ్చే పిల్లాడు. 40 కిలోమీటర్లలో వెళ్తే ఆ పిల్లాడి ముందు బండి ఆగుతుంది. 40 మైళ్లలో వెళ్తే ఆగదు.

అక్కడి టికెట్లు ఇక్కడికి రావన్న మాట నమ్మకండి. డ్రైవర్ల నేరాల వివరాలు ఇచ్చిపుచ్చుకోవడానికి ఒంటారియోకు మిషిగన్‌తో, న్యూయార్క్‌తో ఒప్పందాలున్నాయి. వంతెన దాటాం గదా అని కాగితం డ్రాయర్లో పడేస్తే అది మళ్లీ సరిహద్దు దాటేటప్పుడో, ఇన్సూరెన్స్ రెన్యువల్ అప్పుడో పైకి తేలుతుంది. మీవారు పోయిన ఏడాది జరిమానా కట్టకపోయి ఉంటే ఈ ప్రయాణానికి ముందే కట్టేయమనండి. బండిలో రాడార్ డిటెక్టర్ (పోలీసుల స్పీడ్ రాడార్‌ను పసిగట్టే పరికరం) ఉంటే తీసి ఇంట్లో పెట్టండి. మిషిగన్‌లో అది ఉంచుకోవచ్చు గానీ, ఒంటారియోలో ఆఫ్ చేసి ఉన్నా సరే, బండిలో ఉండటమే నేరం. ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి కెనడాలో చూపించే కార్డు అడగండి, మామూలుగా డబ్బు తీసుకోకుండానే ఇస్తారు. నాన్నగారికి అమెరికా వీసా ఉన్నంత మాత్రాన సరిపోదు, కెనడా వీసా వేరే ఉండాలి. ఇది మీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్పకుండా ఉండలేను. గృహప్రవేశం రోజున వంతెన దగ్గర్నుంచి పెద్దాయన్ని వెనక్కి తీసుకెళ్లాల్సి వచ్చిన కుటుంబం నాకు తెలుసు.

నాన్నగారి మాట వచ్చింది గనక, ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టండి. ఆర్టీసీలో బస్సు నడిపిన మనిషికి కిలోమీటర్లు ఒంట్లోనే ఉంటాయి. 50 అంటే చెట్లు ఎలా వెనక్కి పోతాయో, 80 అంటే కిటికీలోంచి గాలి ఎలా కొడుతుందో ఆయనకు మీటరు చెప్పనక్కర్లేదు. నోవైలో ఇన్నాళ్లూ మీ పక్కన కూర్చుని, మీటరులో 45 చూసి "ఇంత జోరుగా పోతోంది, 45 ఏంటి" అని మనసులో అనుకునే ఉంటారు. అక్కడ దాటాక మీటరు ఆయన భాషలో మాట్లాడుతుంది. ఆయనకు ఒక పని అప్పజెప్పండి: ప్రతి బోర్డూ పైకి చదవాలి. "ఎనభై వచ్చిందమ్మా", "యాభైకి దించు" అని. మీరు మీటరు చూసి "యాభై" అని తిరిగి చెప్పాలి. విమానాల్లో పైలట్లు ఇలాగే ఒకరు చెప్పింది ఒకరు తిరిగి చెప్పుకుంటారు. పెద్దవాళ్లు పక్క సీట్లోంచి చెబుతుంటే మనకు విసుగొస్తుంది, నిజమే. ఈ ఒక్క ప్రయాణంలో మాత్రం ఆయన మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, మీ రెండో జత కళ్లు అయ్యారు. ఆయనకూ సంతోషంగా ఉంటుంది. ఇక్కడికి వచ్చాక ఆయన అనుభవాన్ని ఎవరూ అడిగి ఉండరు.

తిరుగు ప్రయాణాన్ని తేలిగ్గా తీసుకోకండి. అందరూ వెళ్లేటప్పుడు జాగ్రత్తగానే ఉంటారు, వచ్చేటప్పుడు మన ఊరేగా అనుకుంటారు. మీటరు కిలోమీటర్లలోనే వదిలేసి ఐ-94 మీద 70 బోర్డు చూసి 70లో పోతే, మీరు పోతున్నది 43 మైళ్లే. మిషిగన్ ఫ్రీవేల మీద 55 మైళ్లకు తగ్గకూడదని నియమం, ట్రక్కులేమో 65లో వస్తుంటాయి. ఎక్కువ వేగం ఎంత ప్రమాదమో అక్కడ ఇంత తక్కువ వేగమూ అంతే. ఆదివారం రాత్రి, చీకట్లో, వెనక ట్రక్కు డ్రైవరుకు మీ బండి ఇంత నెమ్మదిగా పోతోందని దగ్గరికి వచ్చేదాకా తెలియదు. కాబట్టి పోర్ట్ హ్యూరాన్‌లో దిగగానే మొదట కనబడిన గ్యాస్ స్టేషన్‌లో ఆగండి. మీటరు మైళ్లకు మార్చండి. కాగితం అంటించి ఉంటే పీకేయండి. మార్చారో లేదో నాన్నగారిని ఒకసారి చూడమనండి, అప్పుడు మళ్లీ రోడ్డెక్కండి.

అక్కయ్యగారి కొత్తింటికి నా శుభాకాంక్షలు అందజేయండి.